కుడివైపు మొక్కజొన్న

బెహరా గారు నా చేతిలో పెట్టినవి:
నాలుగు తాళంచెవులు. రెండింటికి తాళాల్లేవు.
ఒక పద్దుల పుస్తకం. చివరి పేజీలో
టీకొట్టు కూర్మారావుకి బాకీ, మూడువేల రెండొందలు.
మూడు బంతులు. అందులో ఒకటి
రాత్రంతా ఊపిరి వదిలి వదిలి
తెల్లారేసరికి పళ్ళు లేని బుగ్గలా లోపలికి పోతుంది.

"జట్టు మాత్రం బంగారం బావూ" అన్నాడు,
వరసగా ఎనిమిది ఆటలు ఓడిన జట్టుని.
అంటూనే స్కూటరెక్కాడు.
వంశధార వంతెన దాటేదాకా
ఆ స్కూటరు చప్పుడు తేలిగ్గా, సంతోషంగా వినపడింది.

మేనేజరంటే ఏమిటో నాకేం తెలుసు?
రైల్వేలో గ్యాంగ్‌మేట్‌ని నేను.
గుణుపురం చిన్న లైను పీకి పెద్ద లైను వేసిన రోజుల్లో
ఒక్కటి నేర్చుకున్నాను:
పాత స్లీపరు తీసినచోట
నేల చాన్నాళ్ళు మెత్తగానే ఉంటుంది.
దాని మీద బండిని మెల్లగా పోనివ్వాలి.
జనం కిటికీల్లోంచి తిడతారు. తిట్టనివ్వాలి.

మొదటి సాయంత్రం పద్దెనిమిది మందికి కబురు పెడితే
ఏడుగురొచ్చారు. ఒకడు హవాయి చెప్పుల్తో.
మంచి ఫార్వర్డు ఏడని అడిగితే
"ఇటికల బట్టీకెల్లిపోనాడు, సంకురాత్రికీ రాడు."
గోల్లో ఇలియాజర్ గొమాంగో సవరలో అరుస్తాడు,
బ్యాక్ దుర్యోధన్ "ఛాడ్ ఛాడ్" అంటాడు,
మధ్యలో మా అప్పలసూరి "వదిలెయ్, నాదీ" అంటాడు.
ముగ్గురూ చెప్పేది ఒకటే.
బంతి ముగ్గురి మధ్యనించీ
మర్యాదగా నడుచుకుంటూ వెళ్ళి వలలో పడుతుంది.

రెండు వారాలు గట్టు మీద కూర్చుని చూశాను.
ఎంతసేపూ ఎడమకే. ఎడమకే.
కుడివైపు గడ్డి కూడా నలగలేదు.
ఎందుకురా అంటే వాళ్ళకీ తెలీదు.
మూడో గురువారం తెలిసింది:
గోనెలు పరిచి, కుడి అంచు పొడుగూతా
సంబారమ్మ మొక్కజొన్న ఆరబోసింది.
పన్నెండేళ్ళుగా ఆరబోస్తోందట.
చిన్నప్పట్నించీ గింజ తొక్కితే
చీపురు తిరగేసి కొట్టేదట.
ఇప్పుడు గింజల్లేని రోజున కూడా
ఆ కాళ్ళు అటు పోవు.

సంబారమ్మతో రెండు రోజులు మాట్లాడాను.
బడి డాబా చూపించాను, మెట్లెక్కలేనంది.
బస్తాలు మేం మోస్తాం అన్నాను.
ఒప్పందం రాతలో లేదు. మొదటి శిక్షణ అదే:
ఒక్కొక్కడి భుజాన నలభై కిలోలు.

ఇంకొకటి మిగిలింది. ఆ పని తోవలో
మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు తిరిగొచ్చాను.
కెప్టెన్ త్రినాథ. ముప్పై తొమ్మిదేళ్ళు.
వరదల ఏడాది రాయగడ మీద కొట్టిన గోలు
మంగలి షాపులో ఇప్పటికీ వారానికోసారి పడుతుంది.
మోకాలు మాత్రం మెట్టు దిగేటప్పుడు తలుపులా కిర్రుమంటుంది.

అతని సైకిల్ షాపులో, నీళ్ళ బేసిన్లో
మన కారే బంతి బ్లాడరే ముంచి చూస్తున్నాడు.
నేను చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు.
"నీ బదులు కుర్రాణ్ణి" అన్నానో, "ఈసారికి" అన్నానో.
అతను తలెత్తలేదు.
సన్నగా ఒక బుడగ. మళ్ళీ ఒకటి.
"ఇదిగో, ఇక్కడ" అన్నాడు, వేలు పెట్టి.
గరుకు కాగితంతో చాలాసేపు రుద్దాడు,
అవసరానికి మించి రుద్దాడు.
"ఆదివారం నానొస్తాను. బంతి తెస్తాను.
ఏటి, అదీ ఒద్దేటి?"

ఆదివారం. పర్లాకిమిడి జట్టు. ఒకటికి రెండు.
ఓడిపోయాం.
కానీ ఆ ఒకటి కుడినుంచి వచ్చింది.
హవాయి చెప్పుల కుర్రాడు, అరువు బూట్లలో,
అంచు వెంబడి పరుగెత్తి
సగంలో ఒక్క క్షణం కిందికి చూశాడు,
గింజలున్నాయేమోనని.
లేవు.
గట్టు మీంచి ముందు అరిచింది సంబారమ్మ.
త్రినాథ అరవలేదు. నీళ్ళ సీసాల మూతలు
ఒక్కోటీ బిగించుకుంటూ కూర్చున్నాడు.

కూర్మారావు పద్దులో రాసుకున్నాడు: టీలు పదమూడు.
నా పుస్తకంలో నేను రాశాను: ఓటమి, తొమ్మిది.

తెల్లారి గది తెరిచి బంతి నొక్కి చూశాను.
కొంచెం మెత్తబడింది.
కొంచెమే.